గౌరవం సరే, వేతనం సంగతేమిటి? 42 రోజుల అంగన్‌వాడీ సమ్మెలో ఒక మండలం అనుభవం

2024 జనవరి 6. తహసీల్దార్ ఆఫీసు ఎదురుగా టెంటు వేసుకుని కూర్చోవడం మొదలై అది 26వ రోజు. సాయంత్రానికి ఎవరి ఫోన్ చూసినా ఒకటే పీడీఎఫ్: జీవో నంబర్ 2. అంగన్‌వాడీ సేవలు అత్యవసర సేవలు, ఆరు నెలల పాటు సమ్మె నిషేధం, ఎస్మా (అత్యవసర సేవల నిర్వహణ చట్టం). టెంటులో సగం మంది మొహాలు మాడిపోయాయి. ఇంట్లో ఏం చెప్పాలని టెన్షన్. అప్పుడు మా సెక్టార్‌లో అందరికంటే చిన్న వర్కర్ ఒకమ్మాయి అడిగింది: "ఇన్నాళ్ళూ మనం ఉద్యోగులం కాదన్నారు కదక్కా, స్వచ్ఛందంగా సేవ చేసేవాళ్ళం అన్నారు. సేవ చేసేవాళ్ళ మీద ఎస్మా ఎలా పెడతారు?"

నేను అప్పటికి పదకొండేళ్ళుగా మా యూనియన్ మండల కార్యదర్శిని. ఎన్ని వినతిపత్రాలు రాశానో లెక్క లేదు. ఏ ఒక్కదాంట్లోనూ మా సమస్యని ఇంత తేలిగ్గా చెప్పలేకపోయాను.

2001 నుంచి ప్రకాశం జిల్లాలో ఒక మెట్ట మండలంలో అంగన్‌వాడీ వర్కర్‌గా పనిచేస్తున్నాను. మాది సీఐటీయూ అనుబంధ యూనియన్. సమ్మె గురించి పేపర్లలో వచ్చిందంతా విజయవాడ ధర్నా చౌక్ కబుర్లే. మంత్రులు ఏమన్నారు, నాయకులు ఏమన్నారు, అంతవరకే. కింద మండలంలో ఒక సంఘం రోజువారీ ఏం చేస్తుంది, ఎక్కడ బోల్తా పడుతుంది అనేది ఎవరూ రాయలేదు. కొత్తగా బాధ్యతలు తీసుకున్న చెల్లెళ్ళు అడుగుతున్నారు, అందుకే ఇది. మా తప్పులు కూడా దాచకుండా రాస్తున్నా.

గొడవంతా ఒక్క మాట దగ్గర

అంగన్‌వాడీలు నడిచే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల) పథకం 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైంది. ఊళ్ళో చదువుకున్న ఆడమనిషి రోజుకి కొన్ని గంటలు పిల్లల కోసం పనిచేస్తుంది, ఆమెకి ఏదో కొంత ముట్టజెబుదాం, ఇదీ అప్పటి ఆలోచన. అందుకే జీతం అనకుండా 'గౌరవ వేతనం' అన్నారు. పని మాత్రం ఏటికేడు పెరిగింది. పౌష్టికాహారం, టీకాలు, తల్లులకు సలహాలు, బరువులు తూయడం, ఆసుపత్రికి పంపడం, మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ పిల్లలకి ప్రీస్కూల్. దాని పైన రిజిస్టర్లు, ఆ తర్వాత ఫోన్లో యాప్‌లు. మాట మాత్రం మారలేదు.

ఆ మాటతో నష్టమేమిటంటే, గౌరవ వేతనానికి కనీస వేతనం చట్టం తగలదు, డీఏ ఉండదు, పెంచడానికి ఒక లెక్కంటూ ఉండదు. కేంద్రం నిర్ణయించిన మొత్తం 2018 అక్టోబరు నుంచి వర్కర్‌కి నెలకి 4,500, హెల్పర్‌కి 2,250. ఐదేళ్ళ తర్వాత మేం సమ్మెకి దిగేనాటికీ అంతే. మిగతాది రాష్ట్రం దయ. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో 10,500 అయింది, 2019లో 11,500 అయింది, అక్కడే ఆగింది. హెల్పర్లకి 7,000. తెలంగాణ కంటే వెయ్యి ఎక్కువ ఇస్తామన్న మాటైతే ఉంది. కానీ 2021లో పీఆర్సీతో పాటు అక్కడి అంగన్‌వాడీ టీచర్లకి 13,650 అయింది, మేం ఉన్నచోటే ఉన్నాం.

దానికి తోడు ఇంకో తిరకాసు. పల్లెటూళ్ళలో సంక్షేమ పథకాలకి కుటుంబ ఆదాయం నెలకి 10,000 దాటకూడదు. వర్కర్‌కి వచ్చేది 11,500. ఉద్యోగి కాదు కాబట్టి జీతం లేదు, ప్రభుత్వం నుంచి డబ్బు తీసుకుంటోంది కాబట్టి పథకం లేదు. మా మండలంలో భర్త చనిపోయిన వర్కర్ ఒకామె గ్రామ సచివాలయం చుట్టూ ఏడు సార్లు తిరిగింది. ఏడోసారి నేనూ వెళ్ళాను. కంప్యూటర్ ముందున్న అబ్బాయి స్క్రీన్ తిప్పి చూపించాడు: 'ప్రభుత్వ ఉద్యోగి' అని ఉంది. ఫోటో తీసుకోనివ్వమంటే ఒప్పుకోలేదు.

ఈ మాట మీద కోర్టుల్లో రెండు మలుపులున్నాయి. సంఘం పని చేసేవాళ్ళకి రెండూ తెలిసి ఉండాలి. 2006 డిసెంబరులో కర్ణాటక నుంచి వెళ్ళిన అమీర్‌బీ కేసులో, అంగన్‌వాడీ వర్కర్లవి సివిల్ పోస్టులు, అంటే ప్రభుత్వ ఉద్యోగాలు, కావని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత ఏ మీటింగులో ఏం అడిగినా మాకు దొరికిన జవాబు అదే. 2013లో 45వ భారత కార్మిక మహాసభ మమ్మల్ని కార్మికులుగా గుర్తించి కనీస వేతనం, సామాజిక భద్రత ఇవ్వాలని సిఫారసు చేసింది. అది కాగితం మీదే ఉంది. ఇక 2022 ఏప్రిల్ 25న, గుజరాత్ నుంచి వెళ్ళిన మణిబెన్ కేసులో జస్టిస్ అజయ్ రస్తోగి, జస్టిస్ అభయ్ ఎస్. ఓకా ధర్మాసనం 1972 గ్రాట్యుటీ చట్టం (పని నుంచి దిగిపోయేటప్పుడు సర్వీసు ఏళ్ళని బట్టి డబ్బు ఇచ్చే చట్టం) అంగన్‌వాడీలకి వర్తిస్తుందని చెప్పింది. గౌరవ వేతనం అని పిలిచినా చట్టం దృష్టిలో అది వేతనమే అంది. అక్కడికి ఎలా వచ్చారన్నది చూడండి: మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ పిల్లలకి ప్రీస్కూల్ నడపడం విద్యా కార్యకలాపమే అన్నారు, విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్‌ని చూపించారు. అంటే మాకు హక్కు తెచ్చిన వాదనల్లో గుడ్లు, పాల కంటే పాఠానికి పెద్ద చోటుంది.

ఈ తీర్పు వచ్చిన ఏడాదిన్నరకి మేం సమ్మె చేశాం. డిమాండ్లలో గ్రాట్యుటీ పెట్టాం. కానీ 'మేం టీచర్లం' అన్న వాదన మా కరపత్రంలో ఎక్కడో కింద, ఒక్క వాక్యం. ఆ కరపత్రం రాసిందీ నేనే.

తాళం పగిలిన రోజు

సమ్మె 2023 డిసెంబరు 12న మొదలైంది. సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎఫ్‌టీయూ సంఘాలు కలిసి దిగాయి. ఇది చిన్న విషయం కాదు. మామూలుగా మా మండలంలో ఒక సంఘం మీటింగుకి వెళ్తే రెండో సంఘం వాళ్ళు మాట్లాడరు. ఈసారి టెంటు ఒకటే, మైకు ఒకటే, జెండాలు మూడు. రాష్ట్రంలో ఉన్న 55 వేల పైచిలుకు కేంద్రాల్లో చాలావాటికి తాళాలు పడ్డాయి.

కొద్ది రోజులకే తాళాలు పగలగొట్టడం మొదలైంది. సచివాలయం సిబ్బందితో కేంద్రాలు నడపమని పైనుంచి చెప్పారు. మా ఊరి కేంద్రానికి వచ్చినప్పుడు నేను ఎదురింటి అరుగు మీద ఉన్నాను. సచివాలయం కుర్రాడు సుత్తి తెచ్చాడు. నాలుగు దెబ్బలు వేసినా తాళం కదల్లేదు. నా డబ్బుతో కొన్న తాళం, గట్టిదే చూసి కొన్నాను. చివరికి తాళం అలాగే ఉండి గొళ్ళెం ఊడొచ్చింది. ఆ కుర్రాడికి సిగ్గేసింది పాపం, నా వంక చూడకుండా లోపలికి వెళ్ళాడు. వాడు మా కేంద్రంలోనే చదివిన పిల్లాడు.

పన్నెండు గంటలకి వాడే నాకు ఫోన్ చేశాడు.

"మేడమ్, ఒక పాప పొద్దుట్నుంచి ఏడుస్తానే ఉంది. ఏం చెయ్యాలి?"

"ఎర్ర గౌనా?"

"అవును మేడమ్."

"కిటికీ దగ్గర కూర్చోబెట్టి పూసల డబ్బా ఇవ్వు. మూత నువ్వు తియ్యొద్దు. అదే తీసుకోవాలి."

కాసేపటికి మళ్ళీ చేశాడు. ఏడుపు ఆపిందట. "మిగతా వాళ్ళకి ఏం చెప్పాలి మేడమ్? అన్నం పెట్టేశాను. నాలుగింటి దాకా ఏం చేయిస్తారు మీరు?"

నాకు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు కూడా. వాడు అడిగిన ప్రశ్నకి జవాబే కదా మా ఉద్యోగం! ఆ పాప మూత తనంతట తాను తీస్తే ఏడుపు ఆపుతుందని తెలుసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. వేళ్ళకి పట్టు రావడానికి పూసలు, రంగులు వేరు చేయడం, పెద్దది చిన్నది, ముందు వెనక, కథ చెప్పి మధ్యలో ఆపి తర్వాత ఏమవుతుందో వాళ్ళనే చెప్పమనడం. దీన్ని సుత్తి పట్టుకొచ్చిన వాళ్ళెవరైనా చేసేయవచ్చని ప్రభుత్వం అనుకుంది. అలా అనుకోకుండా మేం ఎప్పుడైనా ఏమైనా చేశామా? 2021లో బడుల్ని విడదీసినప్పుడు మా కేంద్రాల్ని శాటిలైట్ ఫౌండేషన్ స్కూళ్ళన్నారు, పీపీ-1, పీపీ-2 అన్నారు. పేరు వచ్చినందుకు సంతోషపడి చప్పట్లు కొట్టాం. పేరుతో పాటు రావలసింది ఏదని అప్పుడే అడగాల్సింది.

తల్లుల దగ్గర పరువు పోయింది

మొదటి వారం ఊళ్ళో మాకు మద్దతు లేదు. నిజం చెప్పుకోవాలి. "గుడ్లు ఎప్పుడిస్తారు?" అని అడిగిన వాళ్ళే గానీ "బడి ఎప్పుడు?" అని అడిగిన తల్లి లేదు. బాలింత ఒకామె నేరుగా అంది: "మీ జీతాల కోసం నా పాలు ఆపారా అక్కా?" జవాబు చెప్పలేకపోయాను. సమ్మెకి ముందు తల్లుల సమావేశం పెట్టి ఎందుకు చేస్తున్నామో చెప్పాలన్న ఆలోచనే మాకు రాలేదు. సమ్మె నోటీసు కలెక్టర్‌కి ఇచ్చాం, మా ప్రాజెక్టు అధికారి సీడీపీఓకి ఇచ్చాం, తల్లులకి ఇవ్వలేదు.

తర్వాత సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగాం. అది ఎంతో కొంత పనికొచ్చింది. కానీ నిజంగా గాలి మారింది ఒక్కరోజుతో. టెంటు దగ్గర రోజుకో రకం నిరసన చేసేవాళ్ళం: వంటా వార్పూ, మోకాళ్ళ మీద నిలబడడం, చెవుల్లో పూలు పెట్టుకోవడం. ఇవన్నీ ఫోటోకి బాగుంటాయి, పేపర్లో మూడో పేజీలో వస్తాయి, అంతే. ఒకరోజు మా కేంద్రం హెల్పర్, మేం ఆయా అని పిలిచే ఆమె, విసుగొచ్చి అంది, "ఈ ఏషాలు ఎందుకు టీచరమ్మా, మనం రోజూ చేసేదే ఇక్కడ చేద్దాం." సరేనని పిల్లల్ని తీసుకురమ్మని తల్లుల్ని బతిమాలాం. పదిహేడు మంది పిల్లలొచ్చారు. తహసీల్దార్ ఆఫీసు ముందు రోడ్డు పక్కన టార్పాలిన్ పరిచి, తొమ్మిదింటి నుంచి నాలుగింటి దాకా మామూలుగా కేంద్రంలో ఎలా జరుగుతుందో అలా ప్రీస్కూల్ నడిపాం. మైకు లేదు, నినాదాలు లేవు.

పనుల మీద ఆఫీసుకొచ్చిన రైతులు నిలబడి చూశారు. ఒక ఆర్ఐ గారు భోజనం టైములో బయటికొచ్చి పావుగంట అలాగే ఉండిపోయారు. అన్నిటికంటే ముఖ్యం, తల్లులు ఇంటికెళ్ళలేదు. తమ పిల్లలు రోజంతా ఏం చేస్తారో వాళ్ళు మొదటిసారి చూశారు. మమ్మల్ని నిలదీసిన బాలింత చంకలో బిడ్డతో వచ్చి కూర్చుంది. ఆమె పెద్దకొడుకు ఆకుల్ని పొడవును బట్టి వరసగా పేరుస్తున్నాడు. "వీడికిది ఎప్పుడొచ్చింది?" అని నన్నే అడిగింది. సమ్మెకి మద్దతుగా సంఘాలు చేపట్టిన కోటి సంతకాల కార్యక్రమంలో మా మండలం నుంచి తల్లుల సంతకాలు బాగా వచ్చాయంటే అది ఆ ఒక్కరోజు పుణ్యమే.

నా దృష్టిలో 42 రోజుల్లో మేం చేసిన అసలైన ప్రచారం అదొక్కటే. దాన్ని మొదటి రోజే చేసి ఉండాల్సింది. ఆలోచన వచ్చింది కూడా నాయకులకి కాదు, ఏడు వేల జీతగత్తెకి.

చర్చలు, చివరి రాత్రి

ఎస్మా తర్వాత మా దగ్గర ముగ్గురు జారిపోయారు. వాళ్ళని తప్పు పట్టను, ఇంటి ఒత్తిడి అలాంటిది. భోగి మంటలో జీవో కాపీలు వేశాం. జనవరి మూడో వారంలో విజయవాడలో నాయకులు ఆమరణ దీక్షకి కూర్చున్నారు. 22వ తేదీ లోపు విధుల్లో చేరకపోతే తొలగిస్తామని ఉత్తర్వులు. అదే రోజు తెల్లవారుజామున దీక్షా శిబిరాన్ని పోలీసులు ఖాళీ చేయించారు. చలో విజయవాడకి మా మండలం నుంచి నలభై మంది బయల్దేరితే చేరింది తొమ్మిది మంది. నన్ను దారిలో దించేసి ఒక కల్యాణ మండపంలో కూర్చోబెట్టారు. టిఫిన్ మాత్రం పెట్టారు, ఉప్మా.

ఆ రాత్రి పొద్దుపోయాక చర్చలు ముగిసి సమ్మె విరమించాం. రిటైరయ్యేటప్పుడు ఇచ్చే మొత్తం వర్కర్లకి 50,000 నుంచి 1,20,000కి, హెల్పర్లకి 60,000కి పెరిగింది. రిటైర్మెంట్ వయసు 62కి పెంచారు. సమ్మె కాలానికి వేతనం, కేసుల ఎత్తివేత కూడా ఒప్పుకున్నారు. జీతం మాత్రం జూలైలో పెంచుతామన్నారు. జూలై నాటికి ఎన్నికలు అయిపోయాయి, ప్రభుత్వం మారింది. ఆ మాట జీవో కాలేదు. తేదీ, మొత్తం లేని హామీ మీద విరమించడం తప్పని ఇప్పుడు చాలామంది అంటున్నారు. 42వ రోజు రాత్రి ఆ కల్యాణ మండపంలో నా పక్కన కూర్చున్న ఎవరూ ఆ మాట అనలేదు. అందరం ఇంటికెళ్ళాలనే చూశాం.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. చర్చలకి పట్టికెళ్ళిన డిమాండ్లలో డబ్బు గురించినవి స్పష్టంగా ఉన్నాయి. ప్రీస్కూల్‌కి రోజూ ఇన్ని గంటలు యాప్‌ల గోల లేకుండా వదలాలి, శిక్షణకి సెలవిచ్చి పంపాలి, సర్టిఫికెట్ వస్తే జీతం శ్రేణి మారాలి లాంటివి లేవు. 2020 జాతీయ విద్యావిధానం ఇంటర్ చదివిన అంగన్‌వాడీలకి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటే తక్కువ చదివిన వాళ్ళకి ఏడాది డిప్లొమా అని రాసింది. కోర్సు చేశాక జీతం ఏమవుతుందో రాయలేదు. ఆ ఖాళీని పూరించమని అడగాల్సింది సంఘమే. మేం అడగలేదు.

ఆయా గారి ఫైలు

టెంటులో బడి పెడదామన్న మా ఆయా 2024 వేసవిలో 62 నిండి రిటైరైంది. 1992లో చేరింది. అంటే 32 ఏళ్ళు. ఆమెకి గ్రాట్యుటీ దరఖాస్తు పెట్టాలని మండల కమిటీలో నిర్ణయించాం. లెక్క కష్టమేం కాదు: చివరి నెల జీతం ఇంటూ 15, బై 26, ఇంటూ సర్వీసు ఏళ్ళు. 7,000 మీద 32 ఏళ్ళకి 1,29,230 వస్తుంది. ప్రభుత్వం ఇస్తానన్న 60,000 ఇందులో సగం కూడా కాదు.

కష్టమంతా సర్వీసు రుజువు చేయడంలోనే. నియామకం కాగితం చెదలు తినేసింది. బ్యాంకు పాసుపుస్తకం 2008 నుంచే ఉంది. అంతకుముందు సెక్టార్ మీటింగులో చేతికి నోట్లు ఇచ్చి సంతకం పెట్టించుకునేవాళ్ళు, ఆ రిజిస్టర్లు ఎక్కడున్నాయో ప్రాజెక్టు ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఎవరికీ అక్కర్లేదు కూడా. పదిరోజులు తిరిగాక మా కేంద్రం అటకమీదే దొరికాయి, గోనెసంచిలో, ప్రీస్కూల్ హాజరు రిజిస్టర్లు. అప్పటి వర్కర్ ఎవరో చాలా పద్ధతి గల మనిషి. ప్రతి నెలా కింద తన సంతకం, పక్కన ఆయా సంతకం తీసుకుంది. 1993 జూన్ పేజీలో 31 మంది పిల్లల పేర్లు. పదకొండో పేరు, సుత్తి తెచ్చిన కుర్రాడి వాళ్ళక్కది.

ఇప్పుడు మా మండలంలో పద్ధతి ఇది: రిటైర్మెంట్‌కి ఐదేళ్ళున్న ప్రతి ఒక్కరికీ యూనియన్ తరఫున ఒక ఫైలు తెరుస్తాం. నియామకం కాగితం, పాసుపుస్తకం మొదటి పేజీ, పాత హాజరు రిజిస్టర్ల జిరాక్సులు, శిక్షణ సర్టిఫికెట్లు. ప్రతి నెలా మీటింగులో అరగంట దీనికే. బోరు కొడుతుందని కొందరు గొణుగుతారు. సమ్మె ఫోటోలు చూసి సంఘంలో చేరిన వాళ్ళకి ఈ జిరాక్సుల పని అసలు నచ్చదు.

దరఖాస్తు ఇవ్వడానికి ఆయాని తీసుకుని ఆఫీసుకి వెళ్ళాను. గుమస్తా కాగితాలన్నీ ఓపిగ్గా చూశాడు. ఒక గడి దగ్గర పెన్ను పెట్టి ఆగాడు.

"చివరగా పొందిన వేతనం అని రాశారు. గౌరవ వేతనం అని రాయండమ్మా. పైన ఒప్పుకోరు."

నేను సంచిలోంచి తీర్పు కాపీ తీశాను. పసుపు రంగు గీత పెట్టిన పేజీ తెరిచి ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివాడు. "నాదేముంది మేడమ్, రేపు పైవాళ్ళు వెనక్కి పంపితే మళ్ళీ మీరే తిరగాలి."

అప్పటిదాకా స్టూలు మీద మౌనంగా కూర్చున్న మా ఆయా కొంగుతో మొహం తుడుచుకుంది. "గౌరవం తర్వాత చూద్దాంలే నాయనా. ముందు ముద్ర వెయ్యి."

ఆయన నవ్వి ముద్ర వేశాడు. రసీదు మీద నంబరు సరిగ్గా పడలేదు, రెండోసారి వేయించుకున్నాం. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి, పాసుపుస్తకం కవర్లో దోపుకుని, బస్సు ఎన్నింటికని అడిగింది.